ఇంటర్ తర్వాత స్పోర్ట్స్ సైన్స్: సీటు వెతకడం నుంచి మొదటి ఉద్యోగం దాకా

స్పోర్ట్స్ సైన్స్ చదువుతానని ఇంట్లో చెప్పిన రోజు మా నాన్న అడిగిన మొదటి మాట: "అంటే పీఈటీ టీచర్‌వి అవుతావా అమ్మా?" కాదని తెలుసు గానీ, మరి ఏమవుతానో చెప్పలేకపోయాను. జిల్లా స్థాయిలో ఖోఖో ఆడిన ధీమా తప్ప ఆ చదువులో ఏముంటుందో నాకూ తెలియదు. ఇప్పుడు ఇంటర్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అదే అడుగుతున్నారు. వాళ్లకి ఫోన్లో ముక్కలుముక్కలుగా చెబుతున్నదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది కొలతల చదువు. ఒక అమ్మాయి ఎంత ఎత్తు ఎగిరింది, గంటలో ఎంత చెమట పోయింది, నిన్నటికంటే ఇవాళ ఎంత అలిసిపోయింది అన్నవి నమ్మదగ్గట్టుగా కొలిచి, కోచ్‌కి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లకే ఇందులో పని దొరుకుతుంది. కాలేజీ ఎంచుకునేటప్పుడూ, చదివేటప్పుడూ, ఉద్యోగానికి వెళ్లేటప్పుడూ ఇదే గుర్తుంచుకోండి.

మొదటి మెట్టు: ఏ కోర్సు ఎటు తీసుకెళ్తుందో తెలుసుకోండి

మన దగ్గర నాలుగు వేర్వేరు చదువుల్ని ఒకే గాటన కట్టేస్తారు. దానివల్ల ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయులు కావాలంటే దారి వ్యాయామ విద్య. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీపీఈడీ, లేదా ఏదైనా డిగ్రీ తర్వాత రెండేళ్ల బీపీఈడీ. రెండింటికీ ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో పరుగు, దూకడం, విసరడం లాంటి శారీరక పరీక్షలతో పాటు మీ ఆటలో నైపుణ్యమూ చూస్తారు. హైదరాబాద్ దోమలగూడలోని ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల పేరు మన పీఈటీ సార్లలో చాలామందికి తెలిసే ఉంటుంది.

కోచ్ కావాలంటే పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా. 1961లో మొదలైన ఆ సంస్థని అందరూ 'ఎన్ఐఎస్' అంటారు. "ఎన్ఐఎస్ చేశాడు" అంటే కోచింగ్ నేర్చుకుని వచ్చాడని అర్థం. దానికి మీ ఆటలో మంచి స్థాయిలో ఆడిన సర్టిఫికెట్లు కావాలి.

గాయాలకి చికిత్స చేయాలంటే ఫిజియోథెరపీ, అంటే బీపీటీ. స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీతో ఆ పని చేయకూడదు. మోకాలి లిగమెంట్ తెగిన అమ్మాయి మీ దగ్గరికి వస్తే మీరు చేయాల్సింది డాక్టర్ దగ్గరికో ఫిజియో దగ్గరికో పంపడం.

ఇక స్పోర్ట్స్ సైన్స్. వ్యాయామ శరీరధర్మ శాస్త్రం (ఫిజియాలజీ), బయోమెకానిక్స్ (ఒంటి కదలికల భౌతిక శాస్త్రం), పోషణ, క్రీడా మనస్తత్వ శాస్త్రం, శక్తి శిక్షణ, గణాంకాలు ఇందులోకి వస్తాయి. ఒక్క ఈ డిగ్రీతోనే డీఎస్సీలో వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకి అర్హత రాదు. దానికి డీపీఈడీయో బీపీఈడీయో ఉండాల్సిందే. కోర్సులో చేరే ముందే ఈ సంగతి అమ్మానాన్నలకి చెప్పండి. చేరాక మూడో ఏట తెలిస్తే ఇంట్లో పెద్ద గొడవ అవుతుంది.

రెండో మెట్టు: ఇంటర్‌లో ఏ గ్రూపు?

బైపీసీ అయితే చాలా కాలేజీల్లో అర్హతకి ఇబ్బంది ఉండదు. ఎంపీసీ వాళ్లని తీసుకునే చోట్లు ఉన్నాయి, జీవశాస్త్రం తప్పనిసరి అనే చోట్లూ ఉన్నాయి. దరఖాస్తుకి ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ చదువుకోండి.

అసలు చిక్కు చేరాక వస్తుంది. బైపీసీ వాళ్లు బయోమెకానిక్స్‌లో, ఎంపీసీ వాళ్లు శరీర నిర్మాణంలో తడబడతారు. సెలవుల్లో అవతలి గ్రూపు పుస్తకం తెరవండి. బైపీసీ వాళ్లకి న్యూటన్ నియమాలు, బల భ్రామకం (కీలు చుట్టూ తిప్పే బలం), ప్రక్షేపక చలనం వస్తే చాలు. ఎంపీసీ వాళ్లు గుండె, ఊపిరితిత్తులు, కండరం, నాడి ఈ నాలుగు పాఠాలు చదివితే మొదటి సెమిస్టర్ గట్టెక్కుతారు.

మూడో మెట్టు: కాలేజీని కళ్లారా చూసి ఎంచుకోండి

తెలుగు రాష్ట్రాల్లో వ్యాయామ విద్య కాలేజీలు చాలా ఉన్నాయి. స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ కోసం మాత్రం మన పిల్లలు ఎక్కువగా బయటికే వెళ్తున్నారు. గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి జాతీయ శారీరక విద్యా సంస్థ 1957 ఆగస్టులో, తొలి స్వాతంత్ర్య సమరానికి వందేళ్లు నిండిన ఏడాది మొదలైంది. ఝాన్సీ రాణి లక్ష్మీబాయి నేలకొరిగిన ఊళ్లో ఆమె పేరుతో పెట్టారు. ఇంఫాల్‌లో 2018 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. చెన్నై శివార్లలో తమిళనాడు శారీరక విద్య, క్రీడల విశ్వవిద్యాలయం ఉంది. చెన్నై పోరూరులోని శ్రీ రామచంద్ర, కర్ణాటకలోని మణిపాల్ వైద్య విద్యాసంస్థలు కావడంతో అక్కడ ఈ చదువు ఆసుపత్రి పక్కనే సాగుతుంది. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ మెడిసిన్‌కి చాలాకాలంగా పేరుంది. అయితే వీటిలో ప్రైవేటు సంస్థల ఫీజుకీ ప్రభుత్వ సంస్థల ఫీజుకీ పోలికే ఉండదు.

పేరు చూసి కాకుండా ల్యాబ్ చూసి చేరండి. నేను చేరిన చోట బ్రోచర్ మీద ట్రెడ్‌మిల్, ముఖానికి మాస్క్ పెట్టుకుని పరిగెడుతున్న కుర్రాడి ఫొటో ఉండేది. ఆ యంత్రం నిజంగానే ఉంది. నేను ఉన్న మూడేళ్లూ దానిమీద గుడ్డ కప్పే ఉంది, కాలిబ్రేషన్ గ్యాస్ సిలిండర్ అయిపోయిందని. ఊపిరిలోని ఆక్సిజన్ కొలిచే యంత్రాన్ని వాడే ప్రతిసారీ, తెలిసిన మోతాదు గ్యాస్‌తో సరిచూడాలి. సిలిండర్ లేకపోతే లక్షల రూపాయల యంత్రం వట్టి ఇనుమే.

అందుకే క్యాంపస్‌కి వెళ్లినప్పుడు చివరి సంవత్సరం విద్యార్థిని పక్కకి పిలిచి అడగండి: "ఈ నెలలో మీరు మీ చేతులతో ఎవరిని కొలిచారు? ఏ యంత్రంతో?" జవాబు తడుముకోకుండా వస్తే మంచి కాలేజీ. తర్వాత, విద్యార్థుల్ని ఏ జట్టు దగ్గరికి, ఎన్ని వారాలు పంపుతారో అడగండి. ఆటగాళ్లని చూడకుండా నడిచే స్పోర్ట్స్ సైన్స్ కోర్సు, రోగుల్ని చూడని వైద్య విద్య లాంటిది. అడ్మిషన్ల కౌంటర్ దగ్గర ఈ ప్రశ్నలకి జవాబు దొరకదు, హాస్టల్ మెస్‌లో దొరుకుతుంది.

నాలుగో మెట్టు: మొదటి ఏడాది, గ్రౌండ్‌లో విన్నవాటిని సరిచూసుకోండి

ఏళ్ల తరబడి ఆడినవాళ్లకి కొన్ని మాటలు నరనరానా ఇంకిపోయి ఉంటాయి. "నిన్నటి ప్రాక్టీస్‌కి లాక్టిక్ ఆసిడ్ పట్టేసింది, అందుకే తొడలు నొప్పి" అన్నది అందులో ఒకటి. గట్టిగా పరిగెత్తాక రక్తంలో పెరిగిన లాక్టేట్ (లాక్టిక్ ఆసిడ్ ఒంట్లో ఉండే రూపం) గంటో గంటన్నరో అయ్యేసరికి మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు, ఎల్లుండి వచ్చే నొప్పికి కారణం అలవాటు లేని పనివల్ల, అందులోనూ కండరం సాగుతూ బరువు మోసినప్పుడు, పోగుల్లో వచ్చే సూక్ష్మమైన దెబ్బలు, వాటిని బాగుచేసే క్రమంలో వచ్చే వాపు. మెట్లు ఎక్కినప్పటికంటే దిగినప్పుడు తొడలు ఎక్కువ నొప్పి పుట్టడం ఇందుకే.

అలాగే "గరిష్ఠ గుండె వేగం అంటే 220లోంచి వయసు తీసేయడమే" అన్నది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఆ లెక్కన 200. 2001లో వచ్చిన ఇంకో సూత్రం ప్రకారం వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయాలి. అదే కుర్రాడికి 194 వస్తుంది. ఏ సూత్రమైనా సగటు మనిషికి సంబంధించిందే. మీ ఎదురుగా ఉన్న మనిషి గుండె దానికి పది పైనా ఉండొచ్చు, పది కిందా ఉండొచ్చు. ఆ తేడా తెలియక సూత్రాన్ని నమ్ముకుని శిక్షణ ఇస్తే ఒకరికి తేలికై, ఇంకొకరికి ప్రాణం మీదికి వస్తుంది.

బయోమెకానిక్స్ భయపెడితే మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరిని తలుచుకోండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. 130 కిలోల బార్ బరువు సుమారు 1,275 న్యూటన్లు. ఆ బార్ తుంటి కీలు నుంచి ఒక్క సెంటీమీటరు ముందుకి జరిగితే, నడుము మోయాల్సిన బల భ్రామకం దాదాపు 12.8 న్యూటన్ మీటర్లు పెరుగుతుంది. పది సెంటీమీటర్లు జరిగితే 128. "బార్‌ని ఒంటికి రాసుకుంటూ తీసుకురా" అని కోచ్ అరిచేది ఇందుకే. కోచ్‌కి అనుభవంతో తెలిసిన విషయాన్ని మీరు అంకెతో చూపించగలగాలి. నా మొదటి ఏడాదిలో ఈ ఒక్క లెక్క చేసిన రోజే ఈ చదువు మీద ప్రేమ పుట్టింది.

ఐదో మెట్టు: యంత్రం కోసం ఆగకండి, ఫోన్‌తో కొలవడం మొదలుపెట్టండి

ఈ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. డిగ్రీ అంతా పూర్తయినా చేత్తో కొలవడం రానివాళ్లు ఎందరో ఉన్నారు.

*ఎగిరే ఎత్తు.* చాలా ఫోన్లలో సెకనుకి 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఉంటుంది. ఫోన్‌ని నేలకి ఆనించి, పాదాలు కనిపించేలా పెట్టండి. నడుం మీద చేతులు పెట్టుకుని నిట్టనిలువుగా ఎగరమనండి. వేళ్లు నేల వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 120 ఫ్రేములు వచ్చాయంటే గాలిలో అర సెకను ఉన్నట్టు. ఆ సమయాన్ని దానితోనే గుణించి, 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. అర సెకనుకి 0.307, అంటే దాదాపు 31 సెంటీమీటర్లు.

ఇప్పుడు అసలు పాఠం. ఒక్క ఫ్రేము తప్పుగా లెక్కపెడితే ఎంత తేడా? 240 ఫ్రేముల వీడియోలో అర సెంటీమీటరు. మామూలు 30 ఫ్రేముల వీడియోలో నాలుగు సెంటీమీటర్లు. ఆరు వారాల శిక్షణతో రెండు మూడు సెంటీమీటర్లు పెరిగితేనే సంబరపడే చోట, మీ కొలతలోనే నాలుగు సెంటీమీటర్ల తప్పు ఉంటే ఏం చెప్పగలరు? ఇంకో జాగ్రత్త: దిగేటప్పుడు మోకాళ్లు ముడిస్తే గాలిలో ఉన్న సమయం పెరిగి, ఎగరని ఎత్తు ఎగిరినట్టు వస్తుంది. కాళ్లు చాపి దిగమని ముందే చెప్పాలి.

*మళ్లీ కొలవడం.* పదిమందిని సోమవారం పొద్దున కొలవండి. బుధవారం పొద్దున అదే వేళకి, అదే బూట్లతో, అదే వార్మప్ తర్వాత మళ్లీ కొలవండి. రెండు రోజుల మధ్య ఎవరి బలమూ పెరగదు, అయినా అంకెలు మారతాయి. ఒక్కొక్కరి తేడా రాసి, ఆ తేడాల ప్రామాణిక విచలనాన్ని (అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెని) 1.41తో భాగించండి. వచ్చేది మీ పరీక్షలో సహజంగా ఉండే తప్పు. అది సెంటీమీటరున్నర అనుకోండి, వచ్చే నెల ఎవరైనా సెంటీమీటరు ఎక్కువ ఎగిరితే "మెరుగుపడింది" అనే హక్కు మీకు లేదు. నాకు తెలిసి మన గ్రౌండ్లలో ఎక్కువ తప్పు నిర్ణయాలు ఈ లెక్క చేయకపోవడం వల్లే జరుగుతున్నాయి.

*చెమట.* ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని, వీలైనంత తక్కువ బట్టలతో బరువు చూడాలి. ఒక అమ్మాయి మొదట 60 కిలోలు, గంట తర్వాత 58.9. మధ్యలో అర లీటరు నీళ్లు తాగింది. పోయిన చెమట 1.1కి 0.5 కలిపితే 1.6 లీటర్లు. ఒంటి బరువులో తగ్గింది 1.8 శాతం. ఇది రెండు శాతం దాటితే, అందులోనూ ఎండలో, ఆట మందగించే అవకాశం ఎక్కువ. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఈ పరీక్ష చేస్తే, "మధ్యలో నీళ్లు తాగితే పొట్ట పట్టేస్తుంది" అని నీళ్లు ఆపించే పాత అలవాటు ఎంత ప్రమాదమో కోచ్‌కి కాగితం మీద చూపించొచ్చు.

*దమ్ము.* 12 నిమిషాల పరుగు పరీక్షని 1968లో కెనెత్ కూపర్ ప్రచురించారు. పరిగెత్తిన మీటర్లలోంచి 504.9 తీసేసి 44.73తో భాగిస్తే వీఓటూ మ్యాక్స్, అంటే ఒళ్లు నిమిషానికి గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ అంచనా (కిలో బరువుకి ఇన్ని మిల్లీలీటర్లని) వస్తుంది. 2,400 మీటర్లకి సుమారు 42. ఇది అంచనా మాత్రమే. పరుగు వేగాన్ని పంచుకోవడం తెలియని పిల్లలు మొదటి రెండు నిమిషాల్లో దంచేసి తర్వాత నడుస్తారు, వాళ్ల అంకె వాళ్ల దమ్ముని చూపించదు. ఒకసారి అలవాటు చేయించి, రెండోసారి వచ్చినదాన్ని రాసుకోండి.

*అలసట.* దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు. ప్రాక్టీస్ అయిన అరగంటకి "ఇవాళ ఎంత కష్టంగా ఉంది, సున్నా నుంచి పదిలో?" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. ఆ అంకెని నిమిషాలతో గుణించండి. 90 నిమిషాలు, 6 అంటే 540. నేను మొదటిసారి ఇలా రాసినప్పుడు కోచ్ "తేలిక, నాలుగు ఉంటుంది" అనుకున్న రోజున అమ్మాయిలు ఏడు, ఎనిమిది చెప్పారు. గుంపులో అడిగి ఉంటే అందరూ కోచ్ మొహం చూసి నాలుగే అనేవాళ్లు.

ఇవన్నీ తేదీ, సమయం, ఎండ, ఎవరు కొలిచారు అన్న వివరాలతో ఒక నోట్‌బుక్‌లో రాయండి. తప్పు పడితే కొట్టేయండి, చింపకండి.

ఆరో మెట్టు: గణాంకాలు

తప్పించుకోవాలని చూడొద్దు. రెండో ఏడాది అయ్యేలోపు ఎక్సెల్‌లో సగటు, ప్రామాణిక విచలనం, గ్రాఫు నిద్రలో కూడా చేయగలగాలి. తర్వాత ఉచితంగా దొరికే 'ఆర్' అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. మీ నోట్‌బుక్ అంకెలతోనే అభ్యాసం చేస్తే నెలలో పట్టుబడుతుంది.

ఏడో మెట్టు: కోచ్ దగ్గరికి వెళ్లే పద్ధతి

మొదటి వారం ఏమీ కొలవకండి. కోన్లు పెట్టండి, నీళ్ల సీసాలు నింపండి, పిల్లల పేర్లు నేర్చుకోండి. ఇరవై ఏళ్లుగా ఆ గ్రౌండ్‌లో ఉన్న సార్‌కి మీరు నిన్న చదివిన పరిశోధన వినిపిస్తే మర్నాడు మీకు పని ఉండదు. "సార్, మీకు ఏది తెలిస్తే ఉపయోగం?" అని అడగండి. ఆయన "ఈ అమ్మాయి రెండో సెట్లో ఎందుకు తగ్గిపోతోంది?" అంటే, మీ ప్రాజెక్టు అదే.

నివేదిక ఒక్క పేజీ, ఒక్క గ్రాఫు, రెండు వాక్యాలు, తెలుగులో. కాలేజీలో మొత్తం ఇంగ్లిష్‌లో చదివి తెలుగులో చెప్పలేకపోవడం నాకు పెద్ద అడ్డంకి అయింది. 'ఫోర్స్' అనే బదులు "నేలని ఎంత గట్టిగా తన్నుతోంది" అన్న రోజున మా కోచ్ తల పైకెత్తి చూశారు.

ఆడపిల్లల బరువు, నెలసరి వివరాలు గోడ మీద అంటించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి అలా చేయకండి. బరువు విడి గదిలో చూడండి, కాగితం మీ దగ్గరే దాచండి. పద్దెనిమిది నిండని పిల్లలైతే అమ్మానాన్నల అనుమతి తీసుకోండి. మూడు నెలలుగా నెలసరి రావట్లేదని ఎవరైనా చెబితే, "గట్టిగా ప్రాక్టీస్ చేస్తే మామూలే" అని తోసేయకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. చేసే శ్రమకి సరిపడా తిండి లేదనడానికి అది గుర్తు కావచ్చు, ఎముకలు బలహీనపడతాయి.

రెండు విషయాల్లో పొరపాటుకి చోటు లేదు. మొదటిది డోపింగ్. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితా ప్రతి జనవరి 1న మారుతుంది. ఆ జాబితాలోని పదార్థం ఆటగాడి ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానన్నా తప్పించుకోవడం కష్టం. డబ్బా మీద పేరు చూసి ఏ పొడీ సిఫారసు చేయకండి. రెండోది ప్రాణాపాయం. సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కడం నేర్చుకోండి: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, పెద్దవాళ్లకి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఎండలో పడిపోయినవాళ్లు తికమకగా మాట్లాడుతుంటే వడదెబ్బ అనుకుని, అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే చల్లటి నీళ్లలో ముంచడమో, నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేయడమో మొదలుపెట్టాలి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి.

ఎనిమిదో మెట్టు: డిగ్రీ తర్వాత

డిగ్రీ ఒక్కటే ఉంటే ఎక్కువగా దొరికేది జిమ్ ఉద్యోగం. అది తక్కువ పనేమీ కాదు, కానీ జట్లతో పనిచేయాలంటే ఎమ్మెస్సీలో ఒక దారి పట్టుకోవాలి: ఫిజియాలజీ, బయోమెకానిక్స్, పోషణ, మనస్తత్వం, శక్తి శిక్షణ. భారత క్రీడా ప్రాధికార సంస్థ శాయ్, ఖేలో ఇండియా కేంద్రాల్లో ఈ విభాగాలకి నిపుణుల్ని తీసుకుంటారు. చాలావరకు కాంట్రాక్టు ఉద్యోగాలే, ఊళ్లు మారాల్సి ఉంటుంది. కాలేజీలో పాఠాలు చెప్పాలంటే యూజీసీ నెట్‌లో శారీరక విద్య సబ్జెక్టు ఉంది, అర్హత నిబంధన మీ పీజీకి సరిపోతుందో చూసుకోండి. శక్తి శిక్షణ వైపు వెళ్లేవాళ్లు అమెరికాకి చెందిన ఎన్‌ఎస్‌సీఏ ఇచ్చే సీఎస్‌సీఎస్ పరీక్ష రాస్తుంటారు. ఒంటి కొలతల అంతర్జాతీయ సంస్థ ఐశాక్ ఇచ్చే మొదటి స్థాయి కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది, పనికొస్తుంది.

విదేశాల్లో పీజీ చేయాలనుకునే మన పిల్లలకి ఒక హెచ్చరిక. ఆస్ట్రేలియాలో ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్‌గా పనిచేయాలంటే 'ఎస్సా' అనే వృత్తి సంస్థ గుర్తింపు కావాలి. మీరు చేరే కోర్సు ఆ గుర్తింపుకి దారి తీసేదో కాదో ఫీజు కట్టకముందే ఎస్సా జాబితాలో చూసుకోండి, ఏజెంటు మాట మీద వెళ్లొద్దు. బ్రిటన్‌లో చాలా పీజీలు ఏడాదే. అందులో ఆటగాళ్లతో పనిచేసే గంటలు ఎన్నో అడిగి తెలుసుకోండి.

ఇంటర్వ్యూ

నా మొదటి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు రెండు నిమిషాల్లో పక్కన పెట్టేశారు. ఎనిమిదిమంది అమ్మాయిల ఎగిరే ఎత్తు, నాలుగు వారాలది, ఒక కాగితం మీద ఇచ్చారు. "రేపు మ్యాచ్ ఉంది. ఎవరికి విశ్రాంతి ఇవ్వమని కోచ్‌కి చెబుతావు?" ఒకమ్మాయి అంకె రెండు సెంటీమీటర్లు తగ్గి ఉంది, కళ్లు దానిమీదికే పోతాయి. నేను నోట్‌బుక్ తీసి, "ఈ పరీక్షని రెండు రోజుల్లో మళ్లీ చేస్తే మామూలుగా ఎంత తేడా వస్తోంది సార్?" అని అడిగాను. బల్లకి అవతల ఉన్నాయన కళ్లజోడు తీసి, "ఆ నోట్‌బుక్ ఇటివ్వమ్మా" అన్నారు.